సగం చుట్టల పెట్టె

మా అత్త బుచ్చవ్వకు మనుషుల ముఖాలకన్నా వాళ్ళ పంటిగాట్లు బాగా గుర్తు.

బెల్లంపల్లిలో బొగ్గు బాయి గేటు పక్కన ఆమెకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అక్కడ కూర్చుని చుట్టలు అమ్మేది. అమ్మడం చిన్న పని, దాచడం పెద్ద పని. బాయిలోకి నిప్పు పోకూడదు. లోపలి గాలిలో ఏముందో కంటికి కనబడదు, ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు. అందుకని గేటు దగ్గర జమేదారు ఒక్కొక్కరి జేబులు, రుమాళ్ళు తడిమి జడ్తి చేసిగానీ కిందికి పంపడు. ఆ జడ్తికి ముందే మనుషులు మా అత్త దగ్గర చేరేవాళ్ళు. చుట్ట ముట్టించి, సగం దాకా లాగి, అక్కడి బండమీద ఒత్తి ఆర్పి, మిగిలిన సగం ఆమె చేతిలో పెట్టేవాళ్ళు.

"వస్త అవ్వా."

"సగముంది."

అంతే మాట. పోతానని ఎవరూ అనరు. జాగ్రత్త అని ఆమె అనదు. మళ్ళీ పైకి వచ్చి, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ తెలియని ముఖాలతో "వచ్చిన అవ్వా" అన్నప్పుడు, పక్కనున్న వెదురు గుల్లలో చెయ్యి పెట్టి ఎవరి సగం వాళ్ళకు తీసి ఇచ్చేది. గుల్లనిండా ఒకే తీరు నల్లటి ముక్కలు. అయినా ఒకరిది ఇంకొకరికి ఏనాడూ పోలేదు. ఈ గాటు హనుమండ్లుది, వానికి ముందటి పన్ను వంకర. ఈ నమిలిన కొస ఆమె కొడుకుది, అంటే మా ఆయనది, ఊరికే ఆలోచన చేస్తుంటాడు గనుక. పైన సగం మిగిలి ఉన్నవాడు దానికోసమన్నా వస్తాడని వాళ్ళకొక నమ్మకం. నమ్మకమంటే పూజలూ మొక్కులూ ఏమీ లేవు. సగం చుట్ట, ఒక మాట.

నేను కోడలిగా వచ్చాక మొదటి ఎండాకాలం అది. అప్పటికింకా మనది హైదరాబాదు రాష్ట్రమే. ఆంధ్రతో కలుపుతారట అని పక్కనున్న చాయ్ హోటల్లో వాదులాడుకునేవాళ్ళు.

మాది సిరిసిల్ల, మగ్గాల ఇల్లు. అత్తవారూ మా కులంవాళ్ళే గానీ నూలు దొరకని రోజుల్లో మగ్గం ఎత్తిపెట్టి బొగ్గుకు వచ్చారు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, నా చిన్నతనంలోనే పోయింది. అన్న షోలాపూరు మిల్లులకు పోతున్నానని పోయి అక్కడివాడే అయ్యాడు. నన్ను పెద్దపల్లిలో రైలెక్కించి బాపు కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు, బండి కదిలాక కూడా కొంచెం దూరం పట్టుకునే నడిచాడు. అందుకే నాకు పోవడమనే మాట పడదు. ఇప్పటికీ పడదు. మనుమలు బడికి పోతున్నా, వస్తామని వాళ్ళు అనేదాకా గుమ్మంలోంచి కదలను. అటువంటి నాకు దేవుడు రోజుకు ఒకసారి మొగుణ్ణి భూమిలోకి పంపే సంసారం ఇచ్చాడు.

మా ఆయన పేరు రాయమల్లు. పేరు రాయడం ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది, నోటితో అన్నది లేదు గనుక.

* * *

ఆ ఏడు ఎండలు హోళికే మొదలయ్యాయి. బొగ్గు కుప్పల మీంచి వచ్చే గాలి మొఖాన కొడితే పొయ్యి మూత తీసినట్టుండేది. గుల్లలో పెట్టిన చుట్టలు పైకి వచ్చేసరికి ఎండిపోయి, పై ఆకు పగిలి, పట్టుకుంటే పొడి పొడి అయ్యేవి. ముట్టిస్తే గడ్డి అంటుకున్నట్టు భగ్గుమనేవి.

"నాలిక కాలిందే బుచ్చవ్వా!" అని హనుమండ్లు ఉమ్మేశాడు ఒకనాడు. అతను మా ఆయన జట్టులోనే తట్ట ఎత్తేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. "గిది చుట్టనా, చీపురుపుల్లనా?"

"ఎండను నేను తెచ్చిన్నారా? పదును పోయింది. ఏం జేద్దు?" అన్నది అత్త.

పదును. ఆ మాట వినగానే నా ప్రాణం లేచివచ్చింది. మా బాపు రోజంతా అనే మాట అదే. నూలు పదును మీద, అంటే తగినంత చెమ్మతో ఉంటే సాగుతుంది, పదును పోతే పోగు తెగుతుంది. మా ఊరి మాట ఒకటి నాకన్నా ముందే రైలెక్కి వచ్చి ఈ షెడ్డులో కూర్చున్నట్టనిపించింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు చూశాను, గుల్లలో హనుమండ్లు సగం లేదు. జడ్తికి నవ్వుతూ నిలబడ్డాడు, నవ్వుతూ దిగాడు.

"అత్తా, హనుమండ్లన్న చుట్ట మానేసిండా?"

అత్త నా వంక చూడలేదు. "వాడు అవ్వ పాలు మానేసిండేమో గని చుట్ట మానలే."

ఆ సాయంత్రం అతను వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాగింది. "ఏడ పెడుతున్నవ్‌రా?"

"ఏంది?"

"నా తోని ఎక్కిరింపులా? సద్దిల పెట్టినవా, రుమాలుల చుట్టినవా?"

హనుమండ్లు గొంతు తగ్గించాడు. "గట్కల అవ్వా. జొన్న గట్క ముద్ద నడుమ. చుట్ట ఒకటి, పైకి రాంగనే ముట్టిచ్చనీకి పుల్లలు రెండు. ఊకె ఫికరు చెయ్యకు. లోపల తాగను. బండ సందుల పెడ్త. పైకొచ్చేటప్పుడు తెచ్చుకుంట. లోపల మస్తు పదునుంటదే. ఒక్క పొద్దు పెడితే పచ్చి ఆకు లెక్క మెత్తగైతది."

అది నిజమే. బాయిలో గోడలు చెమ్మగా ఉంటాయి, ఎండ తెలియదు. అతనొక్కడే కాదు, ఇంకా కొందరు అదే చేస్తున్నారని ఆ మాటలోనే తెలిసింది. గుల్ల రోజురోజుకూ పలచబడుతున్నది అందుకే.

"జమేదారుకు చెప్పుదాం అత్తా," అన్నాను అతను పోయాక. మా ఆయన దిగేది అదే జట్టులో.

"చెప్తే వాని పని పోతది. పిల్లలు ఉపాసముంటరు." గుల్ల దగ్గరికి జరుపుకుంది. "చెప్పకుంటే ఏమైతదో నాకెరుకే పొల్లా."

ఏమవుతుందో నాకు చెప్పింది పక్క హోటలు సాంబయ్య. మా మామ అంతయ్య అట్లాగే పోయాడట. లోపల ఎవరో పుల్ల గీశారు. ఎవరన్నది చెప్పడానికి ఆ గుంపులో మనిషి మిగల్లేదు. అంతయ్యకు చుట్ట మీద ప్రాణం, వాడే గీసి ఉంటాడని ఊళ్ళో అనుకున్నారు. అత్త ఒప్పుకోలేదు. ఆనాటి ఉదయం ఆయన ఆర్పి ఇచ్చిన సగం చుట్టను తెచ్చి నలుగురి ముందు పెట్టిందట. "ఆయన సగం నా తాన ఉన్నది. ఆయన గీయలే." ఆ తర్వాతే ఈ షెడ్డు, ఈ గుల్ల. గీసినవాడు ఎవడైనా సరే, వాని చేతులు పడిపోవాలని ఆమె తిట్టుకోని రోజు లేదు. వాని చేతులు ఏనాడో మట్టిలో కలిసిపోయాయని ఆమెకు తెలియక కాదు.

* * *

గుల్లలోని చుట్టలకు పదును తెప్పిస్తే మనుషులు మళ్ళీ పైన పెడతారు. ఇంత చిన్న సంగతి మీద మా ఆయన ప్రాణం నిలబడి ఉంది. నేను సాలోళ్ళ పిల్లను, పదును నాకు తెలియనిదా అనుకున్నాను. గోనెపట్టా తడిపి గుల్లకు చుట్టాను. నీళ్ళు ఇట్టే ఆరిపోతున్నాయి. పడుగుకు మనం గంజి పట్టిస్తాం కదా, తడి నిలుస్తుందని పట్టాను గంజినీళ్ళలో ముంచాను.

మర్నాడు మూత తీస్తే పుల్లటి వాసన. చుట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వాటిమీద పిల్లిపిల్ల నూగు లాగా తెల్లటి బూజు. చీమలు బారు కట్టాయి.

బాయి గేటంతా నవ్వే. "చుట్ట తాగాల్నా, చుట్టను జుర్రుకోవాల్నా చెల్లె?" అన్నాడు హనుమండ్లు. "జర ఉల్లిగడ్డ కూడ పెట్టు." మా ఆయన అందరి ముందూ తన బూజు చుట్టను తుడిచి ముట్టించి, దగ్గుతూ, బాగానే ఉందన్నాడు. ఆ ఒక్క అబద్ధానికి నేనాయనకు ఈనాటికీ రుణపడి ఉన్నాను.

అత్త మాత్రం నవ్వలేదు, తిట్టలేదు. బూజు పట్టినవన్నీ పారబోసి, ఒక కొత్త చుట్ట నా చేతిలో పెట్టింది. "ఒత్తు. చెవికాడ పెట్టుకొని ఒత్తు. గలగలమంటుందా? ఎండినట్టు. ఒత్తినకాడ సొట్ట పడుతుందా? నానినట్టు. చంటిపోరగాని చెంప ఒత్తినట్టుండాలె. ఒత్తితే లోపలికి పోయి మళ్ళ బయటికి రావాలె." తర్వాత ముట్టించి ఇచ్చింది. "లాగు. తాగనిదానికి పదునేం తెలుస్తది?"

లాగాను. కళ్ళలోంచి, ముక్కులోంచి, చెవుల్లోంచి కూడా పొగ వచ్చినట్టయింది. రేకులు పట్టుకుని దగ్గుతుంటే అత్త వీపు రుద్దుతూ, "మింగినవా పిచ్చిదానా? నోట్ల పెట్టుకొని ఇడిసెయ్యాలె," అంటున్నది. మా అవ్వ పోయాక నా వీపు రుద్దినవాళ్ళు ఎవరూ లేరు. అందుకని ఇంకొంచెం సేపు దగ్గాను.

సాంబయ్య చాయ్ గిన్నె పట్టుకుని వచ్చి చూసి, "బుచ్చక్కా, కోడలికి గిదేం శిక్ష?" అన్నాడు. సంగతి విని, గిన్నె కింద పెట్టి కూర్చున్నాడు. "మా దొర సిగార్లు రోహిణి కార్తెల సుత చెడకపోయేటివి."

సాంబయ్య ఒకప్పుడు బాయి దొర బంగ్లాలో వంట చేసేవాడు. పోలీసు చర్య జరిగిన మరుసటేడు దొర వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు.

"సిగారంటే?" అన్నది అత్త.

"చుట్టే. సముద్రం దాటి వస్తది. దానికి ఒక పెట్టె ఉండె. దేవదారు చెక్క. మూత బిగుతుగ పడ్తది. మూతకు లోపల చిన్న డబ్బ, దానికి బొక్కలు. డబ్బల తడి దూది అసొంటిదేదో పెడ్తుండె. చుట్టలకు నీళ్ళు తాకనియ్యడు. ఒక్క బొట్టు పడితే నన్ను తిడుతుండె."

"నీళ్ళు తాకకుంటే పదునెట్ల వస్తది?"

"గాలికి వస్తది. గాలి పదునైతే చుట్ట పదునైతది."

నాకు అప్పుడు వెలిగింది. మా బాపు ఎండాకాలం పడుగు మీద నీళ్ళు చల్లేవాడు కాదు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో ఇసుక పోసి ఆ ఇసుకను తడిపేవాడు. గుంటలోంచి చల్లగాలి లేచి నూలుకు తగిలేది. ఇన్నేళ్ళు ఆ గుంట అంచున కూర్చుని కండెలు చుట్టి, ఆ సంగతే మరిచి గంజి పూశాను.

"ఆ పెట్టె ఏడుంది సాంబన్నా?" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "ఇంట్లనే ఉన్నది. దొర పోయేటప్పుడు నా చేతుల పెట్టిండు. రైలు కాడ ఇద్దరికీ మాట రాలే. నాకు ఆయన భాష రాదు, ఆయనకు నా భాష రాదు. పన్నెండేండ్లు వండి పెట్టిన." గిన్నె తీసుకుని లేచాడు. "చూస్త," అని వెళ్ళిపోయాడు. ఇస్తాడని నేననుకోలేదు. విడిచిపోయినవాళ్ళు ఇచ్చినదాన్ని చేయి దాటించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

* * *

చిన్న సందుగ అంత ఉంది. మూత ఎత్తితే అడవిలో కట్టె కొట్టినప్పటి వాసన. లోపల ఒకే ఒక సిగారు, నడుముకు ఎర్ర బంగారు రంగుల కాగితం పట్టీతో, ఎండి కట్టెలా పడి ఉంది.

"ఖుషీ అయిననాడు తాగు అన్నడు దొర, సైగ చేసి," అన్నాడు సాంబయ్య. "గసొంటి దినం రాలే. రాలేదని కాదు, వచ్చిననాడు యాదికి రాలే."

షెడ్డు మూలన గుంట తవ్వి, అడుగున వాగు ఇసుక పోసి తడిపాను. ఇటుకలు పరిచి వాటిమీద పెట్టె దించాను. మూత లోపలి డబ్బాలో ఒకనాటి దూది ఎండి పెళుసుబారి ఉంది. దాన్ని తీసేసి, కొత్త కుండ పగలగొట్టి, ఆ పెంకులు నీళ్ళలో నానబెట్టి, తుడిచి పెట్టాను. పైన తడిపిన గోనెపట్టా, ఈసారి వట్టి నీళ్ళతో.

హనుమండ్లు తన సగం తీసుకుని ముందుకొచ్చాడు. "ఇగ పెట్టన్నా?"

"ఉండుండు," అని సాంబయ్య అడ్డుపడ్డాడు. "ముందుగాల పెట్టె తాగాలె. ఎండిన చెక్క, దానికే దూపైతాంది. ఇప్పుడు చుట్టలు పెడితే ఉన్న పదునంత అదే గుంజుకుంటది. దొర కొత్త పెట్టె తెచ్చినప్పుడు వారం దినాలు ఉత్తదే పెట్టిండు."

తడిగుడ్డతో లోపలంతా తుడవడం, మూత వేయడం, మళ్ళీ తీసి చూడడం. బాలింతను చూసినట్టు చూశాను ఆ పెట్టెను. మనుషులకు ఓపిక లేదు. రోజూ వచ్చి, "తాగిందా?" అని అడిగేవాళ్ళు. హనుమండ్లు అయితే మూత మీద తట్టి, "సాలు తల్లీ, మాక్కూడ ఇంత ఇడువు," అనేవాడు. ఆ రోజుల్లో అతని చుట్ట కిందికి పోతూనే ఉంది. నేను గేటు వంక చూస్తూ, సైరన్ కూసేదాకా పని చేసుకుంటూ, కూశాక మా ఆయన ముఖం కనబడేదాకా ఊపిరి బిగపట్టుకుంటూ ఉండేదాన్ని.

పెట్టె తాగిందో లేదో చూడడానికి మొదట దొర సిగారునే అందులో పెట్టాం. కొన్నాళ్ళకు సాంబయ్య తీసి చెవి దగ్గర ఒత్తాడు. ఇంకోసారి ఒత్తాడు. అత్తకు ఇచ్చాడు. అత్త ఒత్తి నాకు ఇచ్చింది. చంటిపిల్లవాడి చెంపే.

"ఇగ ఖుషీ అయిన దినమొచ్చినట్టే," అన్నది అత్త. "ముట్టియ్యి."

సాంబయ్య కూరగాయల కత్తితో కొస కోసి, నిప్పుకు దూరంగా పెట్టి తిప్పుతూ కాల్చాడు. అన్నీ దొర చేసినట్టే. రెండు దమ్ములు లాగి అత్తకు అందించాడు. "పొగ లోపలికి తీయొద్దక్కా. నోట్లనే తిప్పాలె."

"మింగొద్దు, ఇడువొద్దు. మరెందుకు, పుక్కిలిచ్చనీకా?" అంటూనే అత్త లాగింది. కళ్ళు మూసుకుంది. "చుట్టకు కోటు తొడిగిండ్రు, అంతే," అన్నది గానీ సాంబయ్యకు తిరిగి ఇవ్వలేదు. నా వంతు వచ్చినప్పుడు నోట్లోనే ఉంచాను. తేనెపట్టు కాల్చినట్టు, తడిసిన కట్టె వాసన తగిలినట్టు ఉంది. దగ్గు రాలేదు. సాంబయ్య ఆ కాగితం పట్టీ జాగ్రత్తగా లాగి నా వేలికి తొడిగాడు. "దొర బిడ్డ గిట్లనే పెట్టుకునేది," అన్నాడు.

మర్నాడు పెట్టె తెరిచాం. నాకు పంటిగాట్లు గుర్తుపట్టడం రాదు, అక్షరాలు అప్పటికింకా రావు. చుట్టలు కట్టివచ్చే పాత పేపర్ల మీద ఒకటొకటిగా చదువు నేర్చుకున్నది తర్వాతి ముచ్చట. అందుకని సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న కండెల చివరి పోగులతో ఒక్కొక్క చుట్టకు ఒక్కొక్క రంగు కట్టాను. మా ఆయనకు పసుపు. హనుమండ్లు వచ్చి తన సగం ఇస్తూ, "నాకు నీలం కట్టు చెల్లె. ఎర్రది వద్దు, పొయ్యి యాదికొస్తది," అన్నాడు. సాయంత్రం పైకి వచ్చి, ముట్టించి, నింపాదిగా రెండు దమ్ములు లాగాడు. పొగ వదిలి, "బాయినే పైకి తెచ్చినవ్ గదనే," అన్నాడు.

అతన్ని చూసి మిగతావాళ్ళూ తెచ్చారు. ఇక ఏ పొద్దు పెట్టెలో చూసినా రంగులే.

* * *

రోహిణి కార్తె నడుస్తుండగా ఒక మధ్యాహ్నం సైరన్ కూయకూడని వేళలో కూసింది.

ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కణ్ణించి కొంగులు జారిపోతుంటే పరుగెత్తుకొచ్చారు. నేను గేటుకు పరుగెత్తలేదు. షెడ్డు మూలకు పోయి పట్టా లాగి, మూత ఎత్తి చూశాను. పసుపు ఉంది. నీలం ఉంది. ఎర్రవి, పచ్చవి, తెల్లవి, నల్లవి, అందరివీ ఉన్నాయి. వేళ్ళతో తడిమి మళ్ళీ చూశాను.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రాలేదు. "ఎవలిదన్న తక్కువున్నదా?"

"లేదత్తా. అందరివి ఉన్నయి."

"అయితే పుల్ల ఎవలు తీస్కపోలే," అని ఆమె గుమ్మంలోనే కూర్చుంది.

పైకప్పు కూలిందని, మా ఆయన జట్టు వెనక చిక్కుకుపోయిందని బాయి లోపలి పని చూసే సర్దారు వచ్చి చెప్పాడు. మట్టి తీస్తున్నారు. గాలి ఆడక గ్యాసు చేరుతోంది గనుక మెల్లగా తీస్తున్నారు. ఆ పూట సాంబయ్య పొయ్యి ఆర్పేసి, అందరికీ కుండలోని నీళ్ళు పోస్తూ తిరిగాడు. నేను పెట్టె పక్కనే కూర్చున్నాను. పెంకులు ఆరిపోతాయేమోనని తడిపాను. ఇంకేం చేయాలో తెలియలేదు. పదును పోకుండా చూడడమే నా చేతిలో ఉన్న పని.

పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికి చెయ్యి విరిగింది, ఒకరిని మోసుకొచ్చారు. అందరూ ప్రాణాలతోనే వచ్చారు. మా ఆయన ముఖం నిండా మసి, దానిమీద చెమట చారలు. నా వంక చూసి, అత్త వంక తిరిగి, "వచ్చిన అవ్వా," అన్నాడు. అత్త పసుపు పోగు విప్పి సగం అందించింది. ఆయన ముట్టించలేదు. గుప్పిట్లో పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

హనుమండ్లు చివర వచ్చాడు. వచ్చిన అని కూడా అనలేదు. బండ మీద కూర్చుని రెండు చేతులూ చూసుకుంటున్నాడు.

"లోపల దీపాలన్ని ఆరిపాయె అవ్వా. కన్ను పొడుచుకున్న కానరాలే. పక్కన రాయమల్లు పిలుస్తుండు, ఏ దిక్కు నుంచో సమజ్ కాలే. అప్పుడు నా చేతులు..." ఆగాడు. "నా చేతులు నా ఒళ్ళంత తడుముకున్నయి. రుమాలు, నడుము, సద్దిగిన్నె, అన్ని. పుల్ల ఉంటే గీసేటోన్నే. చుట్ట కోసం కాదే. ఎక్కడున్ననో ఒక్కపాలి చూసుకుందామని."

నేను అత్త ముఖం వంక చూడలేక పెట్టె వంక చూస్తున్నాను.

అత్త అతని దగ్గరికి వచ్చింది. "ఎవలైన గీస్తరు," అన్నది. గొంతు చిన్నగా ఉంది. "గంత చీకట్ల. భయమైతే."

పెట్టెలోంచి నీలం పోగు చుట్ట తీసి, తనే ముట్టించి, అతని పెదవుల మధ్య పెట్టింది.

ఆనాటి నుంచి గీసినవాని చేతులను ఆమె తిట్టగా నేను వినలేదు.

* * *

ఆ వారంలోనే పెట్టెలో పోగు లేని సగం ఒకటి కనబడింది. మూలకు, విడిగా. ఎండి, ముడుచుకుని, ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

"గిదెవరిదత్తా? పోగు కట్టన్నా?"

"అక్కర లేదు. అది ఎవలిదో నాకెరుకే," అన్నది.

నేను మరి అడగలేదు. పెంకులు తడిపినప్పుడల్లా వాటిని ఆ మూలకు ఇంకొంచెం జరిపేదాన్ని.

మృగశిర కార్తెతో వాన దిగింది. రేకుల మీద మొదటి చినుకులు పడేసరికి బొగ్గు కుప్పల మీంచి ఆవిరి లేచింది. ఊరంతా తడిసిన బొగ్గు వాసన. అత్త పెట్టె తెరిచి ఆ సగాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఒత్తింది. వాన చప్పుడులో ఏం వినబడిందో ఏమో. పెదవులు కదిలాయి. చెంప లెక్కున్నది అనో, ఇంకేమైనా అనో.

ముట్టించింది. ఇన్నేళ్ళు ఎండిన ఆకు భగ్గుమనలేదు. మెల్లగా, కుదురుగా కాలింది. అత్త చూరు కింద నిలబడి వాన చూస్తూ లాగింది. సాంబయ్య హోటల్లోంచి చూసి, లోపలికి పోయాడు. కొంతసేపటికి ఆమె ఆ చుట్ట నాకు అందించింది. మా మామను నేను చూడలేదు. ఆయన పంటిగాటు మీద నా పెదవులు పెట్టి ఒక్క దమ్ము లాగి, నోట్లోనే ఉంచుకుని, వదిలాను. తిరిగి ఇచ్చాను. వేలు కాలేదాకా తాగింది అత్త. మిగిలిన ఇంత కొసను చూరునీళ్ళలో వదిలింది. అది తిరుగుతూ కాలువ దాకా పోయింది.

"ఘాటు పోలే," అన్నది నా వైపు తిరిగి. కళ్ళు తుడుచుకుంది, పొగకో దేనికో. "ఇగ నువ్వు కూసో పెట్టెకాడ. నాకు కండ్లు సరిగ ఆనుతలేవు. పంటిగాట్లు గుర్తుపడుత లేను. నీ పోగులే నయం."

సైరన్ కూసింది. రెండో షిఫ్టువాళ్ళు వానలో రుమాళ్ళు కప్పుకుని పరుగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరే చూరు కింద నిలబడి చుట్ట ముట్టించి, సగం లాగి, ఆర్పి ఇచ్చారు. అలవాటు కొద్దీ అత్త వైపు చెయ్యి చాచారు. అత్త చూపుడువేలితో నన్ను చూపించింది.

హనుమండ్లు తన సగం నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. నీలం పోగు తీసి కట్టాను.

"వస్త చెల్లె."

అత్త ఎప్పుడూ అనే మాట అనాలి. రైలు కిటికీ ఊచ పట్టుకుని నడిచిన బాపు, షోలాపూరు అన్న, ముఖం గుర్తులేని మా అవ్వ, అందరూ ఒక్కసారే గొంతులో నిలబడ్డారు. వాళ్ళెవరికీ నేను ఈ మాట అనలేకపోయాను, నాకు అప్పుడు తెలియదు గనుక.

"సగముంది," అన్నాను. నాకే వినబడలేదు.

హనుమండ్లు గేటు దాకా పోయినవాడు వానలో ఆగి వెనక్కి తిరిగాడు. అతని వెనక మా ఆయన కూడా ఆగాడు.

"జర గట్టిగ అనవే! బాయి అడుగు దాక వినబడాలె!"

ఈసారి గట్టిగా అన్నాను.